జోయాంథిడ్స్ గుర్తుపట్టి పెంచుకోవడం ఇలా

జోయాంథిడ్స్ అంటే ఉప్పునీటి అక్వేరియంలో పెంచుకునే, పగడాలకు దగ్గరి చుట్టాలైన సముద్రపు జీవులు. రాయి మీద బొత్తాల్లాంటి పాలిప్స్ (కాడ, నోరు ఉన్న చిన్న చిన్న జీవులు) గుంపుగా, అడుగున ఒకే చాపలా అతుక్కుని, అంచున సన్నటి పోగులతో ఉంటే అవి జోయాంథిడ్సే. కాడ దగ్గరగా చూడండి, కండలో ఇసుక రేణువులు కలిసిపోయి గరుకుగా ఉంటే పాలిథోవా రకం, నున్నగా ఉంటే జోయాంథస్ రకం.

అక్వేరియంలో ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25-26 డిగ్రీలు, లైటు మధ్యస్థంగా చాలు, కాడలు పొడవుగా సాగిపోతుంటే వెలుతురు చాలట్లేదని, కాస్త పైకి జరపండి. రోజుల తరబడి ముడుచుకునే ఉంటే రాత్రి టార్చ్ వేసి చూడండి, పాలిప్ రంగులోనే కలిసిపోయే న్యూడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త) కూర్చుని తింటుండొచ్చు.

ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి, వీటిల్లో, ముఖ్యంగా పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉండొచ్చు, కోసేటప్పుడు గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి, ఆ రాయిని ఉడకబెట్టి కడగడం అస్సలు వద్దు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి.