దెబ్బ తగిలాక మేనేజర్ గదిలోకి వెళ్తున్నారా? రికార్డింగ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి

ఫ్యాక్టరీలో దెబ్బ తగిలినవాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తూ దారిలో సూపర్‌వైజర్ చెప్పే మాట ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. "డాక్టర్ అడిగితే ఇంట్లో జారిపడ్డానని చెప్పు తమ్ముడూ, మిగతాది సారు చూసుకుంటారు." మా బంధువుల కుర్రాడొకడు గోడౌన్‌లో నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పుడు అలాగే చెప్పాడు. నెల తిరిగేసరికి "నువ్వు ఇంట్లో కదా పడ్డావు, చీటీలో అలాగే ఉంది" అన్నారు.

వాడికి కోపం వచ్చింది. జేబులో ఫోన్ రికార్డింగ్ పెట్టుకుని మేనేజర్ గదిలోకి వెళ్లాడు. నోటికొచ్చినట్టు తిట్టి, డబ్బులివ్వకపోతే ఇదంతా గ్రూపుల్లో పెడతానన్నాడు. తర్వాత ఇంటికొచ్చి విన్నాం. మేనేజర్ గొంతు నిదానంగా ఉంది, అరుపులన్నీ మనవాడివే. ఆ ఫైలు ఎవరికైనా పనికొస్తే అది కంపెనీకే. డబ్బు కోసం అలా బెదిరిస్తే బలవంతపు వసూలు కేసు కూడా పెట్టొచ్చని లాయర్ చెప్పేదాకా వాడికి తెలియదు.

అందుకే రికార్డింగ్ చేయొద్దని చెప్పను. కానీ కాగితం ముందు, ఫోన్ తర్వాత అంటాను.

కాగితమంటే మొదట ఆస్పత్రి కాగితమే. ఎక్కడ, ఏ పని చేస్తుంటే, ఎన్ని గంటలకు దెబ్బ తగిలిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు) రాయమని అడగండి. మొదటి గంటలో కేస్ షీటులో పడిన ఆ ఒక్క వాక్యానికి, నెల తర్వాత తీసిన పది రికార్డింగులు సాటిరావు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే ఐపీ నంబర్, అంటే మీ బీమా నంబర్, దగ్గర పెట్టుకోండి, కంపెనీ యాక్సిడెంట్ రిపోర్టు పంపిందో లేదో అడగండి. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు కాంట్రాక్టరుకూ అసలు కంపెనీకీ ఇద్దరికీ చెప్పాలి. నోటితో కాదు, మెసేజ్‌లో: "ఈ రోజు ఉదయం షిఫ్టులో ఫలానా మెషీన్ దగ్గర చెయ్యి విరిగింది, ఫలానా అన్న చూశాడు" అని. అవతల నుంచి జవాబు రాకపోయినా పర్లేదు. మీరు ఎప్పుడు చెప్పారో తేదీతో సహా ఉండిపోతుంది.

తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టొద్దు. స్వచ్ఛందంగా మానేస్తున్నాననో, పరిహారం వద్దనో రాయించుకోవడం పాత అలవాటే. పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిన ఒప్పందం చెల్లదని 1923 నాటి పరిహార చట్టంలోనే ఉంది. రాజీ కుదిరితే దాన్ని పరిహారం వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి దగ్గర రిజిస్టర్ చేయించాలి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం కోరడానికి గడువు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. "చూద్దాం, చేద్దాం" అంటూ ఆ రెండేళ్లూ గడిపేసేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఇక ఫోన్ సంగతి. మీరు ఉన్న సంభాషణను మీరే రికార్డు చేసుకోవడం మన దేశంలో నేరమని ప్రత్యేకంగా చెప్పే చట్టం లేదు. 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. బొంబాయిలో కరోనర్ (అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి) ఒక డాక్టరును లంచం అడిగిన వ్యవహారం అది. ఆ మాట చేరవేసిన మరో డాక్టరు ఒప్పుకుంటే పోలీసులు ఆయన ఫోనుకు రికార్డర్ తగిలించారు, అవతలివ్యక్తికి ఆ సంగతి తెలియదు. అయినా ఆ టేపు సాక్ష్యంగా పనికొస్తుందని కోర్టు అంది. అయితే మాటలు కేసుకు సంబంధించినవై ఉండాలి, గొంతు ఎవరిదో గుర్తుపట్టగలగాలి, మధ్యలో చెరిపి అతికించిన అనుమానం ఉండకూడదు.

మీరు లేని సంభాషణ అయితే లెక్క వేరు. భార్య వేరేవాళ్లతో మాట్లాడిన మాటల్ని భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేస్తే అది అక్రమం, ఆమె గోప్యతకు భంగం అని 2007లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. సంసారం గొడవే గానీ, అందులో మనకు పనికొచ్చే గీత ఉంది. హెచ్ఆర్ టేబుల్ మీద ఫోన్ మర్చిపోయినట్టు వదిలేసి బయటికొచ్చి, వాళ్లు మీ గురించి ఏమనుకున్నారో తర్వాత వినాలనుకోవద్దు. గదిలో మీరున్నంతసేపే రికార్డింగ్. బాత్రూముల దగ్గర, బట్టలు మార్చుకునే చోట, ఇంకొకరికి వైద్య పరీక్ష జరిగే చోట ఫోన్ బయటికే తీయకూడదు.

నేరం కాకపోయినా ఉద్యోగానికి ముప్పు ఉండొచ్చు. అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో, గేటు దగ్గర అంటించిన నిబంధనల్లోనో ఫోన్లు, రికార్డింగులు నిషేధమని ఉంటే షోకాజ్ నోటీసు రావచ్చు. అది ముందే చదువుకుని వెళ్లండి. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లలో సాల్వెంట్ (ఇట్టే అంటుకునే ద్రావకం) ఉండే చోటికైతే సాక్ష్యం కోసమైనా సరే ఫోన్ తీసుకెళ్లొద్దు. అక్కడ చిన్న నిప్పురవ్వ చాలు. మాట్లాడాల్సింది ఉంటే ఆఫీసు గదిలోనో గేటు బయటో మాట్లాడతామని అడగండి.

మా ఇంట్లో ఇప్పటికీ వాదన జరిగే విషయం ఒకటుంది: రికార్డు చేస్తున్నామని ముందే చెప్పాలా, వద్దా? నా మటుకు, చెప్పగలిగిన చోట చెప్పేయడమే మేలు. "సార్, నాకు తర్వాత గుర్తుండదు, రికార్డు చేసుకుంటాను" అంటే చాలామంది మాటతీరు మార్చుకుని మర్యాదగా మాట్లాడతారు. మనకు కావాల్సిందీ సగం అదే కదా. వద్దంటే గొడవపడకండి. బయటికొచ్చాక "ఇప్పుడు మీరు నాతో ఇలా అన్నారు, నేను ఇలా చెప్పాను" అని వాళ్లకే మెసేజ్ పెట్టండి. చెప్పకుండా చేసి దొరికిపోతే అబద్ధమాడొద్దు. ఫోన్ వాళ్ల చేతికివ్వొద్దు, వాళ్ల ఎదుట డిలీట్ చేయొద్దు.

గదిలోకి వెళ్లాక మీ మాటలు కూడా రికార్డవుతున్నాయని మర్చిపోవద్దు. అలవాటుగా "నాదే తప్పు సార్, చూసుకోలేదు" అనేస్తాం. పెద్దవాళ్ల ముందు మర్యాదకు అన్న ఆ మాటే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. తేదీ, ఎవరెవరు ఉన్నారు అన్నది మాటల్లో సహజంగా వచ్చేలా చూసుకోండి. "రవాణా ఇన్‌ఛార్జి సార్ కూడా ఉన్నారు కదా, పోయిన సోమవారం నేను పడ్డప్పుడు..." అన్నట్టు. లాయర్‌లా వలలు వేసే ప్రశ్నలు వద్దు. సెలవు జీతం ఇస్తారా, రిపోర్టు పంపారా, తేలిక పని ఇస్తారా అని సూటిగా మూడు అడిగి, జవాబు విని వచ్చేయండి. అవతలివాళ్లు అరిస్తే అరవనివ్వండి.

ఫోన్ కాల్ అయితే ముందు ఒకసారి ఇంట్లోవాళ్లకు చేసి పరీక్షించండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఐఫోన్‌లో కూడా కాల్ రికార్డింగ్ నొక్కగానే ఆ సంగతి అవతలివాళ్లకు వినిపిస్తుంది. జేబులో పెట్టిన ఫోన్‌లో గుడ్డ రాపిడి తప్ప ఏమీ వినపడకపోవడం మరో బాధ.

రికార్డింగ్ అయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. ముందూ వెనకా కత్తిరించడం, సౌండ్ పెంచడం, యాప్‌లో బాగుచేయడం ఏదీ వద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం కాపీని కోర్టుకిచ్చేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం ఆ ఫోన్ వాడినవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపుతారు. అందులో హాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క సెకను కోసినా మారిపోతుంది. కాబట్టి అసలు ఫోన్ అమ్మొద్దు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి ఈమెయిల్‌లో పెట్టుకుంటే చాలు. తోటివాళ్ల గ్రూపులో వేస్తే మాత్రం పరువునష్టం గొడవ మీ మీదికే వస్తుంది. వినిపించాల్సింది లాయరుకు, లేబర్ ఆఫీసులో, అవసరమైతే యూనియన్ పెద్దలకు. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు, మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.

ఇదంతా ఇండియా లెక్క. కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు ఇది చదివి అక్కడ రికార్డింగ్ నొక్కొద్దు. యూఏఈలో అనుమతి లేకుండా ఇతరుల మాటలు రికార్డు చేయడమే సైబర్ నేరం. 2021 నాటి చట్టం ప్రకారం జైలు పడొచ్చు, జరిమానా లక్షా యాభై వేల దిర్హామ్‌ల నుంచి మొదలవుతుంది. అమెరికాలో రాష్ట్రానికో తీరు. న్యూయార్క్, టెక్సస్‌లలో మాట్లాడేవాళ్లలో ఒకరు ఒప్పుకుంటే చాలు, కాలిఫోర్నియాలో రహస్య సంభాషణకు అందరి ఒప్పుదలా కావాలి. దుబాయ్‌లో దెబ్బ తగిలినవాళ్లకు ఆస్పత్రి రిపోర్టు, ఫోర్‌మన్‌కు పెట్టిన మెసేజ్, పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, ఇవే ఆయుధాలు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ రిపోర్టు ఫొటో కూడా పంపించి ఉంచండి.