గడ్డకట్టే చలికాలం: ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

ఎండలో ఎక్కువసేపు ఉంటే ఒళ్ళు మండుతుంది, దాహం వేస్తుంది, నీడకు పొమ్మని శరీరమే తొందరపెడుతుంది. గడ్డకట్టే చలిలో ఆ హెచ్చరిక ఎక్కువసేపు నిలవదు. మొదట కాసేపు వేళ్ళు నొప్పి పెడతాయి, తర్వాత మొద్దుబారి నొప్పి తెలియకుండా పోతుంది. ఒళ్ళు ఇంకా చల్లబడితే ఆలోచన కూడా మందగిస్తుంది. ప్రమాదం పెరిగేకొద్దీ దాన్ని కనిపెట్టే శక్తి మనలో తగ్గిపోతుంది. అందుకే మైనస్ 20, మైనస్ 30 డిగ్రీల చలికాలంలో ఉండబోయేవాళ్ళు కొన్ని విషయాలు ముందే తీరిగ్గా నిర్ణయించి పెట్టుకోవాలి. బయట ఎంతసేపు ఉండాలి, ఏ గుర్తు కనపడగానే లోపలికి రావాలి, కరెంటు పోతే ఏం చేయాలి అన్నవి అప్పటికప్పుడు ఆలోచిద్దాంలే అంటే కుదరదు.

సిద్ధంగా ఉంటే మనుషులు ఎంత చలినైనా తట్టుకుంటారు. రష్యాలోని ఓమ్యాకన్‌లో 1933లో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. ఆ ఊళ్ళో జనం ఇప్పటికీ ఉంటున్నారు, పిల్లలు బడికి వెళ్తున్నారు. అదే 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి లక్షల ఇళ్ళకు కరెంటు పోతే, రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒళ్ళు చల్లబడిపోయి ప్రాణాలు కోల్పోయినవాళ్ళే. ఓమ్యాకన్‌తో పోలిస్తే ఆ చలి చాలా తక్కువ. కానీ టెక్సాస్‌లోని ఇళ్ళు, పైపులు, కరెంటు వ్యవస్థ ఏవీ దానికి తగ్గట్టు కట్టినవి కావు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయలుదేరకండి. మన ఒంటి వేడికి చర్మం చుట్టూ ఒక పలుచని వెచ్చటి గాలిపొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర కొట్టుకుపోతుంది. మైనస్ 20 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి అది మైనస్ 33లా తగులుతుంది. దీన్నే విండ్ చిల్ అంటారు. ఈ అంకె మైనస్ 28 దాటిందంటే, కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే అవకాశం ఉంది. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. బస్సు కోసం ఎదురుచూసే సమయమే అంతకంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి, పిల్లల్ని బస్టాపుకు పంపే ముందు కూడా ఈ అంకె చూడాలి.

ఫారన్‌హీట్ వాడే దేశానికి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకుంటే చాలు. 0 ఫారన్‌హీట్ అంటే దాదాపు మైనస్ 18 సెల్సియస్. మైనస్ 40 దగ్గర రెండు కొలతలూ ఒకటే.

బట్టల్లో ముఖ్యం పొడిగా ఉండటం

లావుపాటి జాకెట్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. దానికంటే లోపల వేసుకునేదే ముఖ్యం. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. కాటన్ బనియన్ చెమటను పీల్చుకుని తడిగా ఒంటికి అంటుకుంటుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఒంటికి ఆనుకునే బట్ట ఉన్నిదో, చెమటను బయటికి పంపే సింథటిక్‌దో అయి ఉండాలి. దాని మీద వెచ్చదనం కోసం ఫ్లీస్ (నూగు ఉన్న మెత్తటి సింథటిక్ బట్ట) లేదా ఉన్ని స్వెటర్, అన్నిటికన్నా పైన గాలి దూరని జాకెట్. మూడు పొరలు ఎందుకంటే, అవసరాన్ని బట్టి ఒకటి తీసేయవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు. మంచు ఎత్తిపోస్తున్నప్పుడో, బరువు మోస్తున్నప్పుడో చెమట పడుతుందనిపిస్తే, పట్టకముందే ఒక పొర విప్పండి. ఇంట్లోంచి బయటపడగానే కొంచెం చలి అనిపించి, పది నిమిషాలు నడిచాక సర్దుకుంటే మీ బట్టలు సరిగ్గా ఉన్నట్టే.

చేతులకు విడివిడి వేళ్ళ గ్లవ్స్ కంటే నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి, వేళ్ళు ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి కాబట్టి. తాళం తీయడానికో, ఫోన్ నొక్కడానికో వాటిని తీయాల్సి వస్తుంది గనక లోపల పలుచని గ్లవ్స్ వేసుకుంటే మంచిది. బూట్ల విషయంలో అందరూ చేసే పొరపాటు బిగుతైన బూటులో రెండు జతల మేజోళ్ళు దూర్చడం. పాదం నొక్కుకుపోతే రక్తం సరిగ్గా ఆడదు, వేళ్ళు ఇంకా త్వరగా చల్లబడతాయి. లోపల కాలివేళ్ళు కదిలేంత ఖాళీ ఉండేలా ఒక సైజు పెద్దవి కొనుక్కోండి. చెవులు, ముక్కు, బుగ్గలు, గడ్డం తరచూ మర్చిపోయే చోట్లు. లోహపు చెవిపోగులు, సన్నని లోహపు కళ్ళజోడు చర్మాన్ని చల్లబరుస్తాయి. గ్లవ్స్ లేని చేత్తో ఇనుప గొళ్ళాన్ని తాకితే చర్మం అతుక్కుపోవచ్చు.

ఆస్తమా ఉన్నవాళ్ళు నోటినీ ముక్కునూ స్కార్ఫ్‌తో కప్పుకోవాలి. పొడి చలిగాలి ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళ్తే దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఎండ కాసిన రోజు నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి. కొత్తగా పడిన మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కళ్ళు దెబ్బతింటాయి.

ఒంటి మీద చూసుకోవాల్సిన గుర్తులు

ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టడం, మొదలైతే చర్మం పాలిపోయి తెల్లగానో, బూడిదరంగులోనో, మైనం పూసినట్టు గట్టిగానో కనిపిస్తుంది. నల్లని చర్మం మీద ఈ మార్పు అంత సులువుగా తెలియదు కాబట్టి తాకి చూడాలి. మన ముఖం మనకు కనపడదు, పైగా అక్కడ స్పర్శ కూడా పోయి ఉంటుంది. కాబట్టి బయట ఉన్నంతసేపూ పక్కనున్నవాళ్ళ ముక్కు, బుగ్గలు మీరు చూడండి, మీవి వాళ్ళను చూడమనండి. ఈ మాట ముందే చెప్పుకుని బయలుదేరండి, మొహమాటం అక్కర్లేదు.

గడ్డకట్టిన చోట రుద్దకూడదు. మంచుతో రుద్దితే మంచిదని కొందరు ఇంకా చెబుతుంటారు, దానివల్ల దెబ్బతిన్న చర్మం మరింత చెడుతుంది. హీటర్ దగ్గరో, మంట దగ్గరో పెట్టకండి, స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలియదు. లోపలికి తీసుకొచ్చి 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఉంచాలి. నీళ్ళ వేడిని బాగున్న మనిషి పరీక్షించాలి. మళ్ళీ చలిలోకి వెళ్ళాల్సి వస్తే మాత్రం అప్పుడే కరిగించకండి. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకడితే నష్టం చాలా ఎక్కువ. వేళ్ళు కొంకర్లు పోయి, రంగు మారి, పొక్కులొస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

లోపలి శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. గజగజ వణకడం, మాట తడబడటం, అడుగు తూలడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, ఊరికే చిరాకు పడటం దీని తొలి గుర్తులు. తాగి ఉన్నాడేమో అనిపించేలా ఉంటాడు మనిషి. వణుకు ఆగిపోతే మెరుగైనట్టు అనుకోవద్దు. వణికే శక్తి కూడా అయిపోయిందని దాని అర్థం. కొందరు ఆ దశలో ఉడికిపోతున్నట్టు భ్రమపడి బట్టలు విప్పేస్తారు. వెంటనే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయాలి. ఈలోపు తడి బట్టలు తీసేసి, దుప్పట్లు చుట్టి, ఛాతీ, మెడ, చంకలు, గజ్జల దగ్గర వెచ్చదనం పట్టేలా చూడాలి. చేతులూ కాళ్ళూ రుద్దవద్దు, వేడినీళ్ళ స్నానం చేయించవద్దు, కుదుపు లేకుండా జాగ్రత్తగా కదపాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వెచ్చని తీపి పానీయం ఇవ్వచ్చు.

మందు తాగితే చలి పోతుందన్న నమ్మకం చాలామంది ప్రాణాలు తీసింది. మద్యం చర్మం దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది, ఆ వెచ్చదనమంతా బయటికే పోతుంది. లోపలి అవయవాలు చల్లబడతాయి. బయటికి వెళ్ళేముందు, బయట ఉన్నప్పుడు అసలు ముట్టుకోవద్దు.

ఇల్లు, కరెంటు, వాసన లేని విషం

నన్నడిగితే కొత్త జాకెట్ కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనాలి. బొగ్గు, గ్యాస్, పెట్రోలు లాంటివి మండినప్పుడు వచ్చే ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. కరెంటు పోయిన రాత్రి గడ్డకట్టుకుపోతున్న పిల్లల కోసం తల్లిదండ్రులు ఇంట్లో బొగ్గులు రాజేస్తారు, జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టి నడుపుతారు, గ్యాస్ పొయ్యి అంటించి తలుపులు మూస్తారు. ప్రేమతోనే చేస్తారు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తే అలసట అనుకుంటారు, నిద్రలోకి జారుకుంటారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలైందంటే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బయటికి వచ్చేయండి, అక్కడినుంచి ఫోన్ చేయండి. పడుకునే గదుల దగ్గర, ప్రతి అంతస్తులో ఒక అలారం ఉండాలి, బ్యాటరీ పనిచేస్తోందో లేదో చలికాలానికి ముందే చూడాలి. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, కిటికీలకు ఎదురుగా లేకుండా ఉండాలి. హీటింగ్ పొగ బయటికి పోయే గొట్టాన్ని మంచు మూసేయకుండా ప్రతి హిమపాతం తర్వాత బయటినుంచి చూడాలి.

కరెంటు పోతే ఇల్లంతా వెచ్చగా ఉంచాలని చూడకండి. ఒక చిన్న గది ఎంచుకుని అందరూ అందులోనే ఉండండి, తలుపు కింద సందులో గుడ్డలు కుక్కండి, కిటికీలకు దుప్పట్లు కట్టండి. ఆ గదికి కావాల్సిన దుప్పట్లు, టార్చిలైట్లు, నీళ్ళు, మూడు రోజుల తిండి, మందులు ముందే ఒకచోట పెట్టి ఉంచండి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే పారేయాల్సిందే, కరిగాక వాడకూడదు. దాన్ని ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచండి.

కరెంటు హీటర్ వాడేవాళ్ళు పరుపు, కర్టెన్లకు మీటరు దూరంలో పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ ప్లగ్గుకే తగిలించాలి, పడుకునేముందు ఆపేయాలి.

నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది, పైపు పగులుతుంది. బయటి గోడల వెంట ఉండే పైపులకు తొడుగులు వేయించండి. చలి బాగా ముదిరిన రాత్రి కుళాయిని సన్నని ధారగా వదిలి, సింకు కింద అలమర తలుపులు తెరిచి ఉంచండి. ఊరెళ్ళినా హీటింగ్ పూర్తిగా ఆపకండి, 13 డిగ్రీల కంటే తగ్గనివ్వకండి. ఇంటికి వచ్చే నీటిని ఆపే వాల్వు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. గడ్డకట్టిన పైపును మంటతో కాల్చకండి, హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి వైపునుంచి మొదలుపెట్టి కరిగించండి.

కారులో ఇరుక్కుంటే

చలిలో బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. పాత బ్యాటరీ ఉంటే ముందే మార్చేయండి. 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది, శీతాకాలపు టైర్లు వేయించుకోవాలి. ట్యాంకులో ఇంధనం సగానికి తగ్గనివ్వకండి. దుప్పట్లు, పార, ఇసుక సంచి, జంపర్ కేబుళ్ళు (వేరే కారు బ్యాటరీతో మీ కారు స్టార్ట్ చేసే తీగలు), టార్చి, తిండి, ఫోన్ ఛార్జర్ కారులోనే ఉండాలి.

మంచులో బండి ఆగిపోతే దగ్గర్లో ఇల్లు స్పష్టంగా కనపడితే తప్ప కారు వదిలి నడవద్దు. మంచు తుఫానులో కొన్ని అడుగులకే దిక్కు తెలియకుండా పోతుంది. వెతికేవాళ్ళకు కూడా మనిషి కంటే కారే ముందు కనపడుతుంది. ముదురు రంగు గుడ్డ ఒకటి అద్దానికో యాంటెనాకో కట్టండి. పొగగొట్టం చుట్టూ మంచు తీసేశాకే ఇంజన్ వేయండి, గంటకు పది నిమిషాల చొప్పున నడపండి, గాలి రాని వైపు అద్దం కొంచెం దించి ఉంచండి. పొగగొట్టం మూసుకుపోతే ఇంట్లో చెప్పుకున్న ఆ విషవాయువే కారులో నిండుతుంది.

పిల్లలు, పెద్దవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు

నెలల పిల్లలు వణికి ఒంటిని వేడి చేసుకోలేరు. ముఖం ఎర్రగా ఆరోగ్యంగా కనిపిస్తున్నా పొట్ట చల్లగా ఉంటే వెంటనే జాగ్రత్తపడాలి. కారు సీటులో లావు జాకెట్ మీద బెల్టు పెడితే అది వదులుగా ఉండిపోతుంది. జాకెట్ తీసి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి. పెద్ద వయసువాళ్ళకు చలి తెలిసేదే తక్కువ. ఇంట్లో ఉండి కూడా ఒళ్ళు చల్లబడిపోవచ్చు, కనుక వాళ్ళ గది 18 డిగ్రీల కంటే తగ్గకుండా చూడాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి. ఫోన్ ఎత్తకపోతే తలుపు తట్టే మనిషెవరో కూడా ముందే అనుకుని ఉండాలి.

మంచు ఎత్తిపోయడం గుండెకు పెద్ద భారం. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, దానిమీద ఒక్కసారిగా బరువు పని పడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆ పని వేరేవాళ్ళకు అప్పగించాలి. మిగతావాళ్ళు ఎత్తకుండా పక్కకు తోయాలి, కొంచెం కొంచెంగా, మధ్యలో లోపలికి వచ్చి ఆగుతూ. ఛాతీలో నొక్కినట్టుండి చేయి లాగుతుంటే పారను అక్కడే వదిలేసి ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి.