టమాటా, మిరప నారు సన్నగా సాగకుండా

విత్తనాలు వేశాక ప్రోట్రేలను (నారు పెంచే గుంతల ట్రేలను) ఒకదానిపై ఒకటి పేర్చి పాలిథిన్ షీటు కప్పుతాం కదా, అక్కడే జాగ్రత్త పడాలి. రోజూ ఉదయం, సాయంత్రం షీటు ఎత్తి చూడండి. కొబ్బరి పొట్టులోంచి తెల్లటి కాడ కొక్కెంలా వంగి కనబడితే, ఆ పూటే ట్రేలను వెలుతురులో విడివిడిగా పరిచేయండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

చీకట్లో ఉన్నంతసేపూ మొలకకు తాను మట్టి కిందే ఉన్నట్టు లెక్క. పిఫ్ అనే ప్రోటీన్లు కాడను సాగదీసే జన్యువులను నడిపిస్తుంటాయి. పచ్చదనం తెచ్చే జన్యువులను మేల్కొలిపే హెచ్‌వై5 ప్రోటీన్‌ను కాప్1 అనే మరో ప్రోటీన్ ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంటుంది. వెలుతురు పడగానే, దాన్ని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ పిఫ్‌లను తొలగించి, కాప్1ను అణిచేస్తుంది. కాడ సాగడం తగ్గుతుంది, వంపు విచ్చుకుంటుంది, బీజదళాలు పచ్చబడతాయి. అయితే అప్పటికే సాగిన కాడ మళ్లీ పొట్టిగా మారదు. అలాంటి నారు నీళ్లు పోస్తే చాలు, పడిపోతుంది.

ఎండ ఎక్కువగా ఉందని ట్రేలను చెట్టు కింద మాత్రం పెట్టకండి. ఆకులు ఎరుపు కాంతిని పీల్చేసుకుని, కంటికి దాదాపు కనబడని దూర ఎరుపు కాంతిని కిందికి వదులుతాయి. దాంతో ఎరుపు కాంతితో పనిచేసే ఫైటోక్రోమ్ పట్టు సడలి, కాడ మళ్లీ సాగుతుంది. నల్ల షేడ్‌నెట్ కట్టుకోండి. అది వెలుతురును తగ్గిస్తుంది గానీ రంగుల పాళ్లను పెద్దగా మార్చదు.