లేజర్ చేయించినా మొటిమల గుంటలు పోలేదా? ఎక్కడ తేడా కొట్టిందో చూడండి

ముందు ఒక చిన్న పరీక్ష. రాత్రిపూట గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చ్‌ని చెవి పక్కన పెట్టుకుని, వెలుగు చెంప మీద అడ్డంగా పడేలా చేసి అద్దంలో చూసుకోండి. నీడ పడిన ప్రతి చోటా గుంట ఉన్నట్టు. నీడ లేకుండా గోధుమ రంగో ఎరుపో మాత్రమే కనిపిస్తే అది మరక. మనం రెండింటినీ ‘మచ్చ’ అనే అంటాం. లేజర్ పనిచేయలేదని నాతో వాపోయిన వాళ్లలో చాలామంది కథ ఈ మాట దగ్గరే అడ్డం తిరిగింది.

“నాలుగు సిట్టింగులైనా మచ్చలు అలాగే ఉన్నాయి”

టార్చ్ వెలుగులో నీడ పడకపోతే, మీకు కావాల్సింది గుంటల లేజర్ కాదు. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ చర్మంలో కంటికి ఆనని సన్నటి రంధ్రాలు వేస్తుంది. అవి మానే క్రమంలో లోపల కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా నిలిపే ప్రోటీన్) పుట్టి, గుంట అడుగు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. దాని పని అది. గోధుమ మరకకు సన్‌స్క్రీన్, అజెలాయిక్ యాసిడ్, రెటినాయిడ్ లాంటి పూతలు, కొన్ని నెలల ఓపిక కావాలి. ఎర్ర మరకలు చాలావరకు వాటంతటవే వెలిసిపోతాయి. మొండికేస్తే రక్తనాళాలను గురిపెట్టే 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ ఉంది. అది వేరే మెషిన్.

నీడ పడిందీ అంటే గుంట ఏ రకమో తేలాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

పిన్నుతో గుచ్చినట్టు సన్నగా, 2 మిల్లీమీటర్ల లోపు వెడల్పుతో, లోతుగా దిగినవి ఐస్ పిక్ గుంటలు. లేజర్ వీటి అడుగు దాకా సరిగా అందదు. ఎన్ని సిట్టింగులు చేయించినా పైపై మెరుగే. వీటికి టీసీఏ క్రాస్ అనే పద్ధతి ఉంది. సన్నటి పుల్ల మొనకు గాఢమైన ఆమ్లం అద్ది గుంటలోకి మాత్రమే తాకిస్తారు. క్షణాల్లో అక్కడ తెల్లటి చుక్క తేలుతుంది, కొన్ని రోజులకు చెక్కు కట్టి రాలిపోతుంది. మరీ లోతైన వాటిని పంచ్ అనే గుండ్రటి చిన్న కత్తితో తీసేసి కుట్టు వేస్తారు. ఆ ఆమ్లం బయట దొరుకుతోంది కదా అని ఇంట్లో ప్రయత్నించకండి. ఒక్క చుక్క పక్కకు జారినా కొత్త మచ్చే.

అంచులు సరిగ్గా కనపడకుండా, చెంప అంతా ఎగుడుదిగుడుగా అలల్లా ఉంటే అవి రోలింగ్ గుంటలు. చర్మాన్ని కింద నుంచి గట్టి పోగులు పట్టి లాగుతుంటాయి. ఆ పోగులు తెగకుండా పైన ఎంత కాల్చినా లాగుడు పోదు. సూదిని చర్మం కిందకు పోనిచ్చి వాటిని తెంపడాన్ని సబ్‌సిషన్ అంటారు. నాకు చేసినప్పుడు మత్తు వల్ల నొప్పి తెలియలేదు కానీ, పాత గుడ్డ చింపుతున్నట్టు ఒక చప్పుడు చెవి పక్కనే వినిపించింది. ఆ చప్పుడు గురించి ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేవాడిని కాదు. వారం రోజులు చెంప కమిలి నీలంగా ఉంది.

మూడో రకం బాక్స్‌కార్. చిన్న పెట్టె అచ్చు గుద్దినట్టు నిలువు అంచులుంటాయి. లోతు తక్కువైతే లేజర్ బాగా అక్కరకొచ్చేది వీటికే.

చాలా ముఖాల మీద మూడూ కలిసే ఉంటాయి. అందుకే డాక్టర్‌ని “ఎన్ని సిట్టింగులు?” అని అడిగే ముందు “నాకు ఏ రకం ఎక్కువ? లేజర్‌కి ముందు ఇంకేమైనా చేయాలా?” అని అడగండి. చర్మాన్ని వేళ్లతో సాగదీసి చూడకుండా, ముఖం వైపు ఒక్కసారి చూసి ప్యాకేజీ చెబితే, ఇంకొకరికి చూపించుకోవడమే మంచిది.

“వారానికి నున్నగా అయింది, తర్వాత మళ్లీ గుంటలు పడ్డాయి”

నేను మోసపోయానని కూలబడింది ఈ దశలోనే. పదో రోజు అద్దంలో చూసుకుని మురిసిపోయాను. ఇరవయ్యో రోజుకు పాత ముఖం తిరిగొచ్చేసింది. కారణం వాపు. లేజర్ పడ్డాక చర్మం ఉబ్బి, గుంటలను తాత్కాలికంగా నింపుతుంది. వాపు దిగాక అవి మళ్లీ బయటపడతాయి. నిజమైన ఫలితం కొల్లాజెన్ పేరుకున్నాక వస్తుంది, దానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

ఇక్కడ చేయాల్సిందల్లా నెలకొకసారి ఫొటో. ఒకే కిటికీ, ఒకే సమయం, వెలుగు పక్క నుంచే. ఎదురుగా రింగ్ లైట్ పెడితే గుంటలు మాయమవుతాయి. ‘ముందు-తర్వాత’ ఫొటోలు చూసేటప్పుడు కూడా వెలుగు ఎటు నుంచి పడుతోందో గమనించండి.

“లేజర్ తర్వాత ముఖం నల్లబడింది”

ఎప్పుడు నల్లబడిందో గుర్తు చేసుకోండి. మొదటి వారంలో ఇసుక చల్లినట్టు గోధుమ చుక్కలు, ముట్టుకుంటే గరుకు, ఇదైతే కంగారు లేదు. రంధ్రాల నుంచి బయటికొస్తున్న చచ్చిన చర్మం అది. గోకకుండా వదిలేస్తే దానంతటదే రాలుతుంది. గోకితే మాత్రం మరక మిగులుతుంది.

మూడు నాలుగు వారాలకు లేజర్ పడ్డ చోటల్లా నలుపు తేలితే అది వేరు. చర్మం గాయానికి బదులుగా మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. గోధుమ రంగు, నల్లటి చర్మాల్లో ఇది మామూలే. ఎండ తగిలితే మరీ ఎక్కువ. ఎక్కువమందిలో నెలల మీద వెలిసిపోతుంది. తర్వాతి సిట్టింగ్ వెంటనే వాయిదా వేయండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, వీలైతే ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్, రోజూ వాడండి. హైడ్రోక్వినోన్ లాంటి నలుపు తగ్గించే క్రీములు డాక్టర్ చెప్పినన్ని వారాలే. తెల్లబడతామని స్టెరాయిడ్ కలిసిన క్రీములు కొని పూసుకుంటే చర్మం పలచబడి, మొటిమలు మళ్లీ మొదలవుతాయి. అప్పుడు కథ మొదటికే.

తర్వాతిసారి సెట్టింగుల గురించి నోరు తెరిచి అడగండి. మన లాంటి చర్మాలకు ఒక్క సిట్టింగులో దగ్గర దగ్గరగా ఎక్కువ రంధ్రాలు వేయడం ముప్పు. డెన్సిటీ తగ్గించి, సిట్టింగుల మధ్య ఎడం పెంచడం మేలు. చెవి ముందు చిన్న చోట టెస్ట్ ప్యాచ్ వేసి కొన్ని వారాలు చూడమని కూడా అడగవచ్చు. ఇంకా పై పొరను అంతగా గాయపరచని 1550 నానోమీటర్ల రకం లేజర్లు ఉన్నాయి. ఫలితం నెమ్మది, నలుపు భయం తక్కువ. నేనైతే నెమ్మదిదే ఎంచుకుంటాను.

“చిన్న చిన్న పొక్కులు లేచాయి”

నొప్పి లేని తెల్లటి గింజల్లాంటివి, లేదా మామూలు మొటిమలు అయితే, జిడ్డు ఆయింట్‌మెంట్ మందంగా పూయడం వల్ల కావచ్చు. డాక్టర్‌ని అడిగి పల్చటి మాయిశ్చరైజర్‌కి మారితే సరి. కానీ గుత్తిగా నీటి పొక్కులు, మంట, సలుపు ఉంటే హెర్పిస్ అనే వైరస్ తిరగబెట్టి ఉండొచ్చు. తగ్గాల్సిన నొప్పి రెండో రోజు తర్వాత పెరుగుతున్నా, పసుపు చీము, జ్వరం ఉన్నా ఇన్ఫెక్షన్ అనుమానించాలి. ఈ రెండింటికీ ఆ రోజే చూపించుకోవాలి, ఫోన్లో ఫొటో పంపి ఊరుకోకూడదు. పెదవి మీద ఎప్పుడైనా అలాంటి పొక్కులు వచ్చి ఉంటే లేజర్‌కి ముందే చెప్పండి. ముందుజాగ్రత్తగా యాంటీవైరల్ మాత్రలు ఇస్తారు.

“దవడ దగ్గర గట్టిగా, ఉబ్బుగా తగులుతోంది”

మచ్చ మందంగా పెరగడం మొదలైందేమో. దవడ, మెడ దగ్గర ఈ ముప్పు ఎక్కువ. తొందరగా పట్టుకుంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు లొంగుతుంది. ఒంటి మీద ఎక్కడైనా కీలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే గట్టి మచ్చ) ఉన్నవాళ్లు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

“మొటిమలు ఇంకా వస్తున్నాయి, ఈలోగా లేజర్ చేయించుకోవచ్చా?”

ముందు మొటిమలు ఆపండి. లేకపోతే ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు తవ్వుతున్నట్టే. ఐసోట్రెటినోయిన్ అనే మొటిమల మాత్రలు వాడినవాళ్లు ఆరు నెలలు ఆగాలని ఒకప్పుడు అందరికీ చెప్పేవారు. 2017లో వచ్చిన నిపుణుల సమీక్షలు ఫ్రాక్షనల్ లేజర్ల విషయంలో ఆ నియమాన్ని సడలించాయి. ముఖమంతా పై పొర పూర్తిగా తీసేసే లేజర్‌కి మాత్రం ఆగమనే అంటున్నారు. మీ డాక్టర్ ఆగమంటే ఆగండి, మందు సంగతి మాత్రం దాచకండి.

“ఇంకెన్ని సిట్టింగులు?”

మూడు అయ్యాక, చివరిదానికి ఆరు నెలలు నిండాక, అదే కిటికీ దగ్గర తీసిన ఫొటోలు పక్కపక్కన పెట్టండి. నీడలు పల్చబడి ఉంటే ఇంకొకటి చేయించడంలో అర్థం ఉంది. ఏ తేడా లేకపోతే నాలుగోది అదే లేజర్‌తో వద్దు. ఆ ఫొటోలు తీసుకెళ్లి సబ్‌సిషన్ గురించో, టీసీఏ క్రాస్ గురించో మాట్లాడండి.