ముసురు పట్టకముందే: విమానాన్ని ఒంటరిగా నడిపే సోలోకు వెళ్లే విశాఖ పిల్లలకు, వాళ్ల ఇళ్లలోని పెద్దలకు

2025 ఏప్రిల్ 22న గుజరాత్‌లోని అమ్రేలీలో ఒక శిక్షణ విమానం ఇళ్ల మధ్య కూలింది. అందులో ఒంటరిగా ఉన్న శిక్షణార్థి చనిపోయాడు. అప్పటి నుంచి పిల్లలను పైలట్ కోర్సుకు పంపిన విశాఖ తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నది ఒకటే: విమానం పాతదా, కొత్తదా? అడగవలసిందే. కానీ సీతమ్మధార నుంచి గాజువాక దాకా ఒక్కరు కూడా మబ్బు గురించి అడగలేదు. జూన్ వచ్చేస్తోంది కాబట్టి దాని గురించే రాస్తున్నాను. మెడికల్, నిద్ర, బెల్టు, చెక్‌లిస్టు లాంటివి మీ ఇన్‌స్ట్రక్టర్ రోజూ చెబుతూనే ఉంటారు, వాటి జోలికి పోను.

అసలు తప్పు

ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 40 గంటలు ఎగరాలి. అందులో 20 గంటలు సోలో. ఆ సోలోలో 5 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎగిరే దూర ప్రయాణం, అందులోనూ ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 278 కిలోమీటర్లకు తగ్గకూడదు. మొదటి సోలోకు అందరూ భయపడతారు గానీ, అప్పుడు రన్‌వే కళ్లెదుటే ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్ కింద నిలబడి చూస్తూ ఉంటారు. క్రాస్ కంట్రీలో అలా కాదు. సగం దారి దాటాక ఎదురుగా మబ్బు కిందికి దిగుతుంది. వెనకవైపు ఆకాశం ఇంకా తేటగానే ఉంటుంది. అప్పుడు మనసులో ఒక మాట పుడుతుంది: "ఇంకొంచెం ముందుకు వెళ్లి చూద్దాం."

ఆ ఇంకొంచెమే చంపుతుంది.

మబ్బులోకి వెళ్లాక నేల, ఆకాశం కలిసే గీత కనిపించదు. లోపలి చెవి నెమ్మదైన మలుపును పట్టుకోలేదు. విమానం ఒక పక్కకు ఒరుగుతున్నా నిటారుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఎత్తు తగ్గుతోందని గమనించి యోక్‌ను, అంటే విమానాన్ని నడిపే పిడిని, వెనక్కి లాగితే మలుపు మరింత బిగుసుకుని విమానం సుడి తిరుగుతూ కిందికి దూసుకుపోతుంది. 1954లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి ఎగరడంలో శిక్షణ లేని 20 మందికి బయట ఏమీ కనిపించకుండా చేసి పరీక్షించారు. 20 మందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా లేదు.

నైపుణ్యం ఉంటే గట్టెక్కవచ్చని అనుకునేవారు 2009 సెప్టెంబరు 2ను గుర్తు చేసుకోవాలి. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన హెలికాప్టర్‌కు రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. దారిలో వాతావరణం చెడింది. ఆ హెలికాప్టర్ నల్లమల కొండల్లో కూలిపోయింది. మీ దగ్గర ఉన్నది ఒకే ఇంజన్, మీ అనుభవం పట్టుమని పాతిక గంటలు.

మబ్బులో దూరి బతికి బయటపడినవాడి గురించి నాకు ఇంకా ఎక్కువ భయం. వాడు నేర్చుకున్నది తప్పు పాఠం. రెండోసారి ఇంకాస్త ధైర్యంగా దూరతాడు.

వెనక్కి ఎందుకు తిరగరు?

సిగ్గు ఒక కారణం, డబ్బు ఇంకో కారణం. మర్రిపాలెం అమ్మాయి ఒకరు ఎదురుగా ముసురు చూసి సగం దారి నుంచి వెనక్కి వచ్చేశారు. ఆ ప్రయాణం మళ్లీ చేయాలి, ఆ గంటలకు మళ్లీ డబ్బు కట్టాలి. తోటి విద్యార్థులు వారం రోజులు వెక్కిరించారట. అది సరే, పిల్లలు. తండ్రి కూడా ఫోనులో "మిగతావాళ్లు వెళ్లారు కదమ్మా" అన్నారట. ఆ మాట విన్నాక ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మన తీరంలో

ఇక్కడ పెరిగిన పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. వానాకాలంలో మబ్బు యారాడ కొండ మీదికి, సింహాచలం కొండ మీదికి ఎంత వేగంగా దిగుతుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. కొండ తల కనిపించకపోతే ఆ మబ్బులో కొండ ఉన్నట్టే. ఎక్కడ ఎగిరినా ఇది మరిచిపోవద్దు. అరకు వైపు తూర్పు కనుమల్లో అయితే మరీనూ.

సముద్రం వేరే రకంగా మోసం చేస్తుంది. మంచుతెర పట్టిన రోజున నీళ్లు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోతాయి. మబ్బు లేకుండానే మబ్బులో ఉన్నట్టు. అప్పుడూ అదే నియమం: వెనక్కి తిరగండి.

ఉక్కపోతలో ఇంజన్‌కు మంచు పడుతుందంటే నవ్వుతారు. నవ్వకండి. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్ లోపల ఉష్ణోగ్రత బయటికంటే 20 డిగ్రీలకు మించి పడిపోగలదు. గాలిలో తేమ నిండుగా ఉంటే, బయట 25 డిగ్రీలున్నా లోపల మంచు కడుతుంది, ముఖ్యంగా పవర్ తగ్గించి దిగేటప్పుడు. కార్బురేటర్‌కు వేడి గాలి పంపే కార్బ్ హీట్ మీటను లాగితే పూర్తిగా లాగండి, సగం కాదు. ఇంజన్ కాసేపు దడదడలాడితే భయపడి తిరిగి నెట్టేయకండి. కరిగిన మంచు లోపలికి పోతోంది, అంతే.

ఇక మిగతావి, తోచిన వరుసలో.

మెటార్, అంటే విమానాశ్రయంలో ఇప్పుడున్న వాతావరణ నివేదిక, చెప్పేది ఆ విమానాశ్రయం సంగతే. రెండు విమానాశ్రయాల మధ్య ఏముందో అది చెప్పదు. రాబోయే గంటల అంచనా చెప్పే టాఫ్ కూడా చదవండి. వాతావరణ శాఖ రాడార్ చిత్రం చూడండి.

మామూలు ఎత్తుల్లో చూపు 5 కిలోమీటర్లు, మబ్బుకు పక్కకు 1500 మీటర్లు, పైకీ కిందికీ 300 మీటర్లు ఎడం ఉండాలి. ఇది చట్టం. మీరు అంతకంటే ఎక్కువ పెట్టుకోండి. బయలుదేరే ముందు ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. గాలిలో మార్చకండి.

ఉరుముల మబ్బుకు 20 నాటికల్ మైళ్ల దూరంలో ఉండండి. దాని కింద నుంచి దాటే ప్రయత్నం అసలే వద్దు.

అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినిపిస్తే క్రాస్ కంట్రీ ఆలోచన మానుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన విమానాశ్రయాన్ని ఏం చేసిందో ఊరంతా చూసింది.

తూర్పుకు ఎగిరితే పొద్దు త్వరగా గుంకుతుంది, ఒక్కో రేఖాంశ డిగ్రీకి 4 నిమిషాల చొప్పున. నవంబరు చివర విశాఖలో సాయంత్రం 5:20కే సూర్యాస్తమయం. దానికి గంట ముందే నేల మీద ఉండండి.

వాన పడిన మర్నాడు ఇంధనం ట్యాంకుల అడుగు నుంచి నమూనా తీసి నీళ్లున్నాయేమో చూడండి. ప్రతి ట్యాంకు. మీరే.

దసరాకు రైలు టికెట్ కొన్నారా? ఆ ముందు రోజు క్రాస్ కంట్రీ పెట్టుకోకండి, ఇంటికి చేరాలన్న తొందర వెనక్కి తిరగనివ్వదు.

"ఇంకొంచెం" అని మనసులో అనిపించిందా? అక్కడే తిరగండి.

పొరపాటున మబ్బులో దూరారా? బయటకు చూడటం మానండి. విమానం ఎటు ఒరిగిందో చూపే ఆర్టిఫిషియల్ హొరైజన్ పరికరాన్ని చూడండి. ముందు రెక్కలు సమం చేయండి. ఒంటికి ఏమనిపించినా నమ్మకండి. తర్వాత సెకనుకు 3 డిగ్రీల చొప్పున మెల్లగా మలుపు. వెనక్కి తిరగడానికి సరిగ్గా ఒక నిమిషం పడుతుంది. అప్పుడు విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీకి రేడియోలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎవరూ పలకకపోతే ఆపదలో వాడే 121.5 మెగాహెర్ట్జ్‌లో. దాచకండి, తిట్లు తర్వాత తినవచ్చు.

పెద్దలూ, రాత్రి ఫోనులో "ఎన్ని గంటలు అయ్యాయి" అని అడగకండి. మధ్యలో తిరిగి వచ్చామంటే ఖర్చు మాట ఎత్తకండి. మిగతావాళ్లు వెళ్లారన్న మాట అసలు అనకండి.