పాత జీపుకి పవర్ స్టీరింగ్: చాసిస్‌కి పట్టేసిన బోల్టులు ఊడదీయడం ఎలా?

పాత మహీంద్రా జీపుకి పవర్ స్టీరింగ్ వేయడం ఒక్కరోజు పని అంటారు షాపులో. నిజమే, పాత స్టీరింగ్ బాక్స్ బోల్టులు మాట వింటే! ఇరవై ముప్పై ఏళ్ల వానకీ బురదకీ తుప్పుపట్టి చాసిస్‌తో (బండి ఇనప చట్రంతో) ఏకమైపోయిన ఆ మూడు నాలుగు బోల్టులే అసలు పని. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగిన బండైతే ఇంకా ఓపిక కావాలి. అన్నట్టు, బండిలో మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆంక్షలున్నాయి. ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

రెండు రోజుల ముందు

వైరు బ్రష్‌తో మట్టి, తుప్పు పొట్టు గీకేసి, పెనెట్రేటింగ్ ఆయిల్ పూటపూటా కొట్టండి. బోల్టు తల మీద పోస్తే లాభం లేదు. నట్టులోంచి మర బయటికొచ్చే చోట, బోల్టు చాసిస్‌లోకి దూరే చోట పడాలి. కొట్టినప్పుడల్లా తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. ఆ అదురుకి తుప్పు బీటలిచ్చి ఆయిల్ లోపలికి దిగుతుంది.

విప్పే రోజు

బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టండి. ఆరు పలకల సాకెట్టే వాడండి, పన్నెండు పలకలది తుప్పు పట్టిన తల మూలల్ని గుండ్రంగా అరగదీస్తుంది. ముందు బిగించే వైపు కొంచెం తిప్పి, తర్వాత విప్పండి. కదిలితే సగం చుట్టు విప్పడం, పావు చుట్టు వెనక్కి తిప్పడం, మళ్లీ ఆయిల్.

చేతికి తెలియాల్సిన తేడా ఒకటుంది. కీచుమంటూ కదిలితే మంచిదే. మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే వెంటనే ఆపేయండి. అక్కడ మర వదలడం లేదు, బోల్టే మెలిపడుతోంది. స్పానర్‌కి పైపు ముక్క తొడిగి బలం చూపించేవాళ్లు సరిగ్గా ఇక్కడే తల తెంపుతారు.

అప్పటికీ రాకపోతే వేడి పెట్టాలి. బోల్టుని కాకుండా నట్టుని కాల్చండి. అది వ్యాకోచించి పట్టు వదులుతుంది. పక్కనే ఉన్న బ్రేక్ పైపులు, డీజిల్ పైపు, వైర్లు ముందే తప్పించండి, కొట్టిన ఆయిల్ తుడిచేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడిన చోట మంట పెడితే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త.

నట్టు బయటికి కనిపిస్తుంటే ఇంత తంటా కూడా అక్కర్లేదు, గ్రైండర్‌తో కోసేయండి. పాత బోల్టు ఎలాగూ మళ్లీ వాడం.

తల తెగిపోతే

కంగారు పడొద్దు. మొండెం కాస్త బయటికి ఉంటే దానిమీద ఒక నట్టు పెట్టి లోపలినుంచి వెల్డింగ్ చేయించండి (బ్యాటరీ వైర్లు తీసేశాకే). వెల్డింగ్ వేడికే సగం పట్టు వదులుతుంది. ఎరుపు తగ్గాక మెల్లగా తిప్పండి.

చాసిస్ మట్టానికి తెగితే డ్రిల్ తప్పదు. సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, 3 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి. ఎడమ చేతి బిట్టు (డ్రిల్‌ని విప్పే వైపు తిప్పితే కోసేది) దొరికితే తొలుస్తుండగానే ముక్క ఊడి రావచ్చు. తొలిచిన రంధ్రంలో దించి ముక్కని విప్పే ఎక్స్‌ట్రాక్టర్‌ని మాత్రం అతిగా తిప్పొద్దు. అది లోపల విరిగితే మామూలు బిట్టుకి లొంగదు. కొత్తగా మర కోయాలంటే ఎం10×1.5కి (10 మి.మీ. లావు, మరకీ మరకీ మధ్య 1.5 మి.మీ.) 8.5 మి.మీ., ఎం12×1.75కి 10.2 మి.మీ. రంధ్రం. అమెరికా విల్లీస్ కంపెనీ నాటి డిజైన్ జీపుల్లో అంగుళాల మరలూ తగులుతాయి, కొలిచాకే ట్యాప్ (మర కోసే పనిముట్టు) దించండి.

బిగించే ముందు

స్టీరింగ్ బాక్స్ కింద చాసిస్ పగలడం జీపుల్లో పాత జబ్బే. కిరోసిన్ రాసి, బాగా తుడిచి, చాక్‌పీసు పొడి పూయండి. పగులుంటే అందులో దాగిన కిరోసిన్ సన్నటి గీతలా పైకి వస్తుంది. గీత కనిపిస్తే చాసిస్ పని తెలిసినవాళ్లు చూసేదాకా కొత్త బాక్స్ బిగించొద్దు. బోల్టు బోలు చాసిస్‌ని దాటి వెళ్తుంటే లోపల స్లీవ్ (గొట్టం ముక్క) ఉండాలి, లేదంటే బిగింపుకి రేకు లోపలికి నొక్కుకుపోతుంది.

కొత్త బోల్టులు పవర్ స్టీరింగ్ కిట్‌వాళ్లు చెప్పిన బలం గ్రేడువే కొనండి, సాధారణంగా 8.8 లేదా 10.9. ఆ అంకె తల మీదే ఉంటుంది. మెరుస్తోందని మామూలు స్టెయిన్‌లెస్ వేయొద్దు, అది 8.8 కన్నా బలహీనం. టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే స్పానర్‌తో) బిగించాక తల మీంచి చాసిస్ దాకా పెయింట్ గీత గీయండి. వంద కిలోమీటర్లు తిరిగాక కింద దూరి చూడండి. గీత తప్పిందంటే బోల్టు వదులైనట్టే.