తక్కువ నడకతో చేరగలిగే క్లైంబింగ్ బండను ఎలా వెతకాలి?

బండి దిగిన చోటు నుంచి బండ మొదలు వరకు ఉండే నడకను క్లైంబర్లు అప్రోచ్ అంటారు. చిన్న పిల్లలతో వెళ్లేవారికి, మోకాళ్లు సహకరించనివారికి, ఒక్క పూటే తీరిక దొరికినవారికి ఆ రోజు ఎలా గడుస్తుందో తేల్చేది చాలాసార్లు ఈ నడకే. అందుకే నేను బండ మీద ఎక్కే రూట్ల కంటే ముందు అక్కడికి చేరే దారి చూస్తాను.

మొదట ఆ ప్రాంతపు గైడ్‌బుక్ గానీ, మౌంటెన్ ప్రాజెక్ట్, ద క్రాగ్ వంటి వెబ్‌సైట్లు గానీ తెరవండి. చాలా బండలకు దారి వివరమూ, పట్టే సమయమూ రాసి ఉంటాయి. ఇరవై నిమిషాల లోపు ఉన్నవాటిని విడిగా రాసుకోండి. అయితే ఆ అంకెను అలాగే నమ్మేయవద్దు. అది చాలావరకు దారి తెలిసినవారు, కాళ్లలో సత్తువ ఉన్నవారు నడిచిన లెక్క. మీకు దారి కొత్త, పైగా వీపున బరువు. 60 మీటర్ల తాడు ఒక్కటే నాలుగు కిలోలకు దగ్గరగా తూగుతుంది.

కాబట్టి లెక్క మీరే వేసుకోండి. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. 1:25,000 మ్యాపులో దారి పొడవు 6 సెంటీమీటర్లు ఉందనుకుందాం. అంటే కిలోమీటరున్నర, 18 నిమిషాలు. దారి పొడవునా 20 మీటర్ల ఎత్తు తేడాతో గీసిన కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) తొమ్మిది దాటుతుంటే 180 మీటర్ల ఎక్కుడు, మరో 18 నిమిషాలు. మొత్తం 36. సంచి బరువుకూ, దారి వెతుక్కోవడానికీ నేను సగం కలుపుతాను, 54 అవుతుంది. దూరం చూసి పావుగంట అనుకున్నది గంటకు చేరువైంది! గీతలు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే ఇంకా జాగ్రత్త. మ్యాపు మీద ఒక్క సెంటీమీటరులో అలాంటివి ఐదు ఉన్నాయంటే 250 మీటర్ల దూరంలోనే వంద మీటర్లు పైకెక్కాలి. పిల్లలతో వెళ్లదగిన దారి కాదది.

తర్వాత కాలి కింద ఏముందో చూడండి. ఉపగ్రహ చిత్రంలో బండ కింద బూడిదరంగు పరుపులా కనిపించేది చాలాసార్లు రాళ్లు జారే వాలు. అది వంద మీటర్లే ఉన్నా అడుగు నిలవదు. దారిలో వాగు ఉంటే వానాకాలంలో దాటగలమా అని విచారించండి. అంతకంటే ముఖ్యం, బండ లోయలో ఉందా అన్నది. వెళ్లేటప్పుడు దిగుడు హాయిగానే ఉంటుంది, చేతులు పడిపోయాక తిరిగి ఎక్కాల్సింది ఆ దారినే. ఒకసారి నేను ఈ సంగతి మరిచి, చీకటి పడ్డాక అడుగుకో ఆయాసంతో పైకి చేరాను. అప్పటి నుంచి తిరుగు నడకను విడిగా లెక్కిస్తాను.

కొన్ని ప్రాంతాలు తీరులోనే అనుకూలం. ఫ్రాన్స్‌లోని ఫోంటెన్‌బ్లో అడవిలో చాలా బండరాళ్లు ఇసుక నేల మీద పార్కింగ్‌కు దగ్గరగానే ఉంటాయి. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీలో రోడ్డు పక్కనే ఎక్కే బండలున్నాయి. అదే ఫ్రాన్స్‌లో ప్రసిద్ధమైన సేయూజ్‌కు దాదాపు గంటసేపు కొండెక్కాలి. పేరున్న బండ కదా అని బయలుదేరకుండా ఈ తేడా చూసుకోండి. బౌల్డరింగ్‌కు, అంటే తాడు లేకుండా పొట్టి బండలు ఎక్కడానికి వెళ్లేవారు మరింత చూసుకోవాలి, ఎందుకంటే పడితే దెబ్బ తగలకుండా కింద పరిచే వెడల్పాటి క్రాష్ ప్యాడ్ ఇరుకు పొదల దారిలో కొమ్మలకు తగులుకుంటుంది.

బయలుదేరే ముందు దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి. డేగలు గూడు కట్టే నెలల్లో కొన్ని బండలు మూసేస్తారు. దగ్గరి దారి ప్రైవేటు భూమిలోంచి పోతుంటే యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. అక్కడి వారి మంచితనం మీదే ఆ బండ అందరికీ అందుబాటులో ఉంటుంది.

పార్కింగ్ చోటునూ బండ మొదలునూ ఫోనులో ముందే గుర్తు పెట్టుకుని, మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకోండి. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. సాయంత్రం ఎదురయ్యే దృశ్యం అదే.